ఊపిరి చప్పుడు

రాయలసీమలో ఓబులవారిపల్లెకు చేరువనున్న మంగంపేట ముగ్గురాతికి ప్రసిద్ధి కెక్కినది. శాస్త్రజ్ఞులు దీనిని బెరైటీసు అందురు. నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువైన ఈ రాతిని మరలలో పిండిచేసి, చమురుబావులు త్రవ్వు తావులకు పంపుదురు. రాయి పగులునప్పుడును, పిండి యగునప్పుడును ధూళి లేచును. అందలి పెద్ద కణములను ముక్కును, గొంతును ఆపివేయగలవు. కంటికి కానరాని సన్నని కణములే ఊపిరితిత్తుల లోతులకు చేరును.

ముగ్గురాతి ధూళి యొక్కటే అయినచో హాని స్వల్పము. ఎక్స్‌రే పటములో దట్టమైన చుక్కలు కనబడినను ఊపిరి అంతగా చెడదు. దానితో పలుగురాతి ధూళి కలిసినచో సంగతి వేరు. అది ఊపిరితిత్తులలో మచ్చలు కట్టించి, వానిని గట్టిపరచును. ఈ వ్యాధి పేరు సిలికోసిస్. ఆ మచ్చలను పోగొట్టు మందు లేదు.

రొమ్ములోని స్థితిని తెలిసికొనుటకు వైద్యుని చెవి గొప్ప సాధనము. 1816లో పారిస్ నగరమున లెనెక్ అను వైద్యుడు కాగితములను గొట్టముగా చుట్టి, రోగి రొమ్ముపై నుంచి ఆలకించెను. స్టెతస్కోపు పుట్టుక అదియే. ఆరోగ్యవంతుని ఊపిరి ఆకులపై పిల్లగాలి వీచినట్లు మెత్తగా వినబడును. గాలిగొట్టములు ఇరుకైనచో ఈలవంటి ధ్వని పుట్టును. మనవారు దీనికి పిల్లికూతలని ఎంత చక్కని పేరు పెట్టిరి! ఉబ్బసములో ఇవి తరచు వినబడును. ఇక, చెవియొద్ద నాలుగు వెంట్రుకలను వ్రేళ్ళతో నలిపి చూడుడు. అట్టి చిటచిట ధ్వని రొమ్ములో వినబడినచో, గాలితిత్తులలో నీరో చీమో చేరి యుండవచ్చును. మచ్చలు కట్టినను అట్లే వినబడవచ్చును. ఊపిరితిత్తిని కప్పిన పొరలు వాచి రాచుకొన్నచో కిర్రుచెప్పుల చప్పుడు వచ్చును.

అయితే చప్పుడు లేనంత మాత్రమున రోగము లేదనుకొనరాదు. సిలికోసిస్ తొలిదశలో వైద్యుని చెవికి ఏమియు చిక్కకపోవచ్చును. ఉబ్బసరోగి ఆయాసముతో సొమ్మసిల్లుచుండగా పిల్లికూతలు ఆగిపోయినచో, ఇంటివారు నెమ్మదించెనని సంతసింతురు. కాని గొట్టములు మూసికొనిపోయి గాలి ఆడకుండుటచేతనే ఆ నిశ్శబ్దము! అప్పుడు క్షణమైనను జాగు చేయక 108కు ఫోను చేయవలెను. పెదవులు నీలివర్ణము దాల్చినను, మాట పూర్తి చేయలేకున్నను, పసిబిడ్డ డొక్కలు ఎగరవేయుచున్నను అంతే. ఏడాది నిండి అయిదేండ్లలోపు బిడ్డ దగ్గుచున్నచో, నెమ్మదిగా నున్నప్పుడు నిమిషము పాటు ఊపిరులు లెక్కింపుడు. నలువది గాని, అంతకు మించి గాని యున్నచో ఆనాడే వైద్యునికి చూపవలెను. రెండు వారములకు మించి దగ్గినను, కళ్ళెలో నెత్తురు పడినను క్షయ పరీక్ష అవసరము. ప్రభుత్వ వైద్యశాలలలో ఇది ఉచితము.

ధూళిలో పనిచేయువారు ముక్కుకు తువాలు చుట్టుకొందురు. సన్నని ధూళి దానిని దాటి పోవును. రాతిపై నీరు చల్లి ధూళిని లేవనీయకుండుటయే మేలు. దగ్గు లేకున్నను వీరు కాలక్రమమున ఎక్స్‌రేయు, ఊపిరి బలమును కొలుచు పరీక్షయు చేయించుకొనవలెను. సిలికోసిస్ గలవారికి క్షయ సులభముగా సోకును. పని మానిన ఏండ్లకు సైతము వ్యాధి బయటపడవచ్చును. కావున వైద్యుడు అడుగకున్నను, తాము ఏ గనిలో, ఏ మరలో ఎన్నేండ్లు పనిచేసిరో మొదటనే చెప్పవలెను.