మనసు కుంగితే మాటతోనూ వైద్యం ఉంది

2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు గ్రామాల మీద వరద పడింది. మనుషులు పోయారు, గొడ్లు కొట్టుకుపోయాయి, మడిలో ఇసుక మేట వేసింది. మేటను ట్రాక్టరుతో తోలేయవచ్చు. ఇలాంటి దెబ్బ తిన్నవారికి మబ్బు పట్టినా గుండె దడదడలాడటం అంత సులువుగా పోదు.

వరదే రానక్కరలేదు. బోరు ఎండినా, మామిడికి ధర పడినా, ఇంటర్లో పిల్లవాడు తప్పినా దిగులు సహజం. అది జబ్బు కాదు. అయితే రెండు వారాలు దాటినా దిగులు వదలక, ఏ పనిమీదా మనసు పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు. ఏదో జరగబోతుందనే భయం నెలల తరబడి పీడిస్తుంటే అది ఆందోళన జబ్బు కావచ్చు. మనవాళ్లు దిగులని చెప్పరు. “నిద్ర పట్టడం ల్యా, అన్నం సయించడం ల్యా, తలంతా బరువు” అంటారు. పిల్లలైతే విసుగు, కోపం చూపుతారు, కాలేజీ మానేస్తారు.

మాటల వైద్యం ఎలా చేస్తారు?

కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పి పంపడం కాదు. దానికో పద్ధతి ఉంది. కుంగినవాడు పని మానేస్తాడు, మానేసేకొద్దీ ఇంకా కుంగుతాడు. అందుకే మొదట చిన్న పనులు రాసిస్తారు. పొద్దున్నే తోట దాకా నడిచి రావడం, రచ్చబండ దగ్గర కాసేపు కూర్చోవడం వంటివి. మనసు బాగయ్యాక పని చేద్దామని ఆగకూడదు, పని చేస్తుంటేనే మనసు తేలికపడుతుంది.

రెండోది ఆలోచన. “ఒక పంట పోయింది, ఇక నా బతుకు పోయినట్టే” అనుకునే రైతుతో, ఇంతకుముందు పంట పోయిన ఏడు ఎలా గట్టెక్కాడో చెప్పిస్తారు. పరీక్షంటే వణికే అమ్మాయిని భయపడే చోటికి మెల్లమెల్లగా అలవాటు చేస్తారు.

గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకే ఈ పద్ధతి నేర్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పెట్టి చూశారు. ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడితేనే తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారిలోనూ చాలామందికి గుణం కనిపించిందని 2017లో ఫలితాలు వెలువడ్డాయి.

మాత్రలు ఎప్పుడు?

జబ్బు ముదిరితే మాత్రలూ కావాలి. ఇవి రెండు నుంచి నాలుగు వారాలకు గాని పనిచేయడం మొదలుపెట్టవు. నాలుగు రోజులు మింగి “గుణం ల్యా” అని మానేయకండి. నెమ్మదించాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు దీనికి మందు కాదు. పిల్లలకు ముందు మాటల వైద్యమే చూస్తారు. మాత్ర ఇవ్వాలా వద్దా అనేది డాక్టరే తేల్చాలి.

ఎక్కడికి పోవాలి?

2022 అక్టోబరు 10న ప్రభుత్వం టెలీ మానస్ ఫోను సేవ ప్రారంభించింది. 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే రాజంపేట వాళ్లకు కడప, తిరుపతి ప్రభుత్వ పెద్దాసుపత్రులు దగ్గర.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

“నాకంటే అందరికీ మేలు, నేను ఉండి ఏం లాభం” అనే మాట వినబడితే కొట్టిపారేయకండి. “చనిపోవాలని అనిపిస్తోందా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, గుండెలో బరువు దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. పురుగు మందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, తాళం వేసి తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టండి. ఆ గడియ దాటితే మనిషి దక్కుతాడు. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టవద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలని, వారికి వైద్యం అందించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

వైద్యంతో అప్పు తీరదు, వాన రాదు. అప్పు సంగతి బ్యాంకుతో మాట్లాడే ఓపిక, మళ్లీ విత్తనం పట్టుకునే శక్తి వస్తాయి. ఆకు పసుపుబారితే కొమ్మ తెంపుకొని వ్యవసాయ అధికారి దగ్గరికి పరుగెత్తే రైతు, తన సంగతీ ఒకరికి చూపించుకోవాలి గదా!