థైరాయిడు శస్త్రచికిత్సకు ముందు

ఆపరేషను తేది నిశ్చయమైన నాటినుండి ఆ దినము వచ్చువరకు గల కాలము శస్త్రచికిత్సకంటె కష్టమైనది. చికిత్సవేళ రోగి మత్తులో నుండును. ఈ దినములలోనో మేలుకొని యుండును. అందును కోయవలసినది కంఠమన్నచో ఎవరికి గుండె జల్లుమనదు? మా వదినగారికి థైరాయిడు గ్రంథిని తీసివేయవలెనని వైద్యుడు చెప్పినప్పుడు ఈ సంగతి మాకు బోధపడినది. ఆమె పగలెల్ల ఇంటిపనులు చేసికొనుచు, రాత్రులు నిద్రలేక కంఠము తడవుకొనుచుండెడిది. అడిగినచో "ఏమియు లేదు" అనెడిది. సోదరీమణులారా, భయపడుట తప్పుకాదు. దానిని దాచుకొనుటయే తప్పు.

ఒకప్పుడీ భయమునకు గట్టి కారణమే యుండెను. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ ఈ గ్రంథిని ముట్టుటకు గొప్ప వైద్యులే జంకిరి. రక్తస్రావముచేతను, గాయము చీముపట్టుటచేతను పలువురు మరణించెడివారు. స్విట్జర్లెండునందలి బెర్ను పట్టణమున థియొడోర్ కోకర్ అను వైద్యుడు రక్తనాళములను జాగ్రత్తగా బంధించి, శుచిత్వము పాటించి, వేలకొలది ఆపరేషనులు చేసి, మరణములను నూటికొకటికంటె తక్కువకు దించెను. ఈ గ్రంథిపై చేసిన కృషికే 1909లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. గ్రంథిలేని లోటును నేడు ప్రతిదినము మ్రింగు చిన్న మాత్ర తీర్చుచున్నది.

ఒక మధ్యాహ్నము మేము కాగితమును కలమును చేతికిచ్చి, "వదినా, నీ భయములన్నియు దీనిపై వ్రాయుము" అంటిమి. ఆమె నాలుగు వ్రాసినది: మెలకువ వచ్చునా? గొంతు పోవునా? మచ్చ పడునా? మంగళసూత్రము తీయవలెనా?

ఆ కాగితముతోనే వైద్యునికడకు పోతిమి. మత్తు నిచ్చు వైద్యుడు ఆపరేషను ముగియువరకు ప్రక్కనేయుండి ఊపిరిని, గుండెను, రక్తపుపోటును కనిపెట్టుచుండునని ఆయన చెప్పెను. స్వరమును నడపు నరములు ఈ గ్రంథిని ఆనుకొనియే యున్నవి; కొన్నిదినములు గొంతు బొంగురుపోవచ్చును గాని, శాశ్వతముగా చెడుట అరుదు. సంగీతము పాడువారు ఆ మాట ముందే చెప్పవలెను. కోత మెడక్రింది మడత వెంబడి యుండును గనుక మచ్చ క్రమముగా అణగిపోవును. సూత్రము మాత్రము తీయక తప్పదు. ఆ మాటకు వదినగారి ముఖము చిన్నబోయినది. అప్పుడు మా తల్లిగారు, "అమ్మాయీ, దానిని నా చేతికిమ్ము. నీవు బయటికి వచ్చువరకు నా కొంగున ముడివేసికొని కూర్చుందును" అనిరి. ఆ రాత్రి వదినగారు నిద్రించినది.

ఇక ఏర్పాట్లు. వాడుచున్న మందులన్నిటిని, ముఖ్యముగా రక్తమును పలుచబరచువానిని, వైద్యునికి చూపవలెను. తనంతట తాను మానరాదు. గ్రంథి అతిగా పనిచేయువారికి ముందు మందులతో దానిని అదుపునకు తెత్తురు. సాధారణముగా భోజనము 6 గంటలముందును, మంచినీళ్లు 2 గంటలముందును ఆపవలసి యుండును. మీ వైద్యుడు చెప్పిన వేళయే ప్రమాణము. పాలుపోసిన కాఫీ నీళ్లక్రింద లెక్కకు రాదు. కొన్నిదినములు బిందెలెత్తుటకును, పిల్లలను చూచుటకును తోడు కుదుర్చుకొనవలెను.

ఆపరేషను తరువాత పెదవులు, వ్రేళ్లు తిమ్మిరెక్కినచో కాల్షియము తగ్గినదేమో యని వెంటనే చెప్పవలెను. మెడ ఉబ్బినను, ఊపిరాడకున్నను క్షణమైన ఆలస్యము చేయరాదు. గ్రంథికి బదులుగా నిచ్చు మాత్రను పరగడుపున నీటితో మ్రింగి, అరగంట మొదలు గంటవరకు కాఫీకై ఆగవలెను. కాల్షియము, ఇనుము మాత్రలకును దీనికిని 4 గంటల యెడముండవలెను.

వదినగారు కన్నులు తెరచి, బొంగురుగొంతుతో మొదట అడిగినది, "పిల్లలు అన్నము తినిరా?" అని. మా తల్లిగారు బదులు చెప్పక కొంగుముడి విప్పుచుండిరి.