డ్రోను నేర్చువారికి తొలి పాఠములు

పెండ్లి పందిళ్లపైనను, జాతరలందును ఝుమ్మని తిరుగు చిన్న యంత్రమును చూడనివారు నేడు అరుదు. దాని పేరు డ్రోను. ఆంగ్లమున ఈ మాటకు మగ తేనెటీగ యని అర్థము. ఇంటిలోని పిల్లవాడు తనకును అట్టిది కావలెనని కోరినప్పుడు తలిదండ్రులకు ఒక సందేహము కలుగును: ఇది ఆటబొమ్మయా, విమానమా? వెలను బట్టి చూచిన బొమ్మ. చట్టమును బట్టియు, తలపై పడిన దెబ్బను బట్టియు చూచిన విమానము. ఈ రెండవ దృష్టితో నేర్చుకొన్నవానికే ఇది చిరకాలము వినోదము నీయగలదు.

మొదట దీని నిర్మాణమును తెలిసికొందము. సామాన్యముగా డ్రోనునకు నాలుగు మూలల నాలుగు ప్రొపెల్లర్లు ఉండును. ఎదురు మూలలందలి రెండును ఒక దిక్కునకు, తక్కిన రెండును దానికి విరుద్ధముగను తిరుగును. నాలుగును ఒకే దిక్కునకు తిరిగినచో, ప్రతిక్రియవలన యంత్రమే బొంగరమువలె గిరగిర తిరిగిపోవును. నాలుగింటి వేగమును హెచ్చించిన డ్రోను పైకి లేచును. వెనుకటి రెండింటి వేగము హెచ్చిన ముందునకు వ్రాలి ముందునకు సాగును. ఒక దిక్కునకు తిరుగు జంట వేగము పెరిగి రెండవ జంట వేగము తగ్గిన, ఉన్నచోటనే మొగము త్రిప్పును. దీనికి చుక్కాని లేదు, తోక లేదు. వేగములందలి భేదమే సర్వస్వము.

ఈ ఊహ క్రొత్తది కాదు. 1907లో ఫ్రాన్సు దేశమున బ్రెగే, రిషే అనువారు నాలుగు మూలల తిరుగు రెక్కలు గల యంత్రమును నేలనుండి కొంచెము పైకి లేపిరి. కాని అది ఒరిగిపోకుండ నలుగురు మనుష్యులు పట్టుకొని నిలువవలసి వచ్చెను. ఆ నలుగురి పనిని నేడు గోరంత పరికరములు చేయుచున్నవి. యంత్రము ఎటు ఒరుగుచున్నదో అవి సెకనునకు వందలసార్లు గ్రహించుచుండగా, లోపలి చిన్న కంప్యూటరు మోటార్ల వేగమును సరిదిద్దుచుండును. కావున డ్రోనును నిలుపుట యంత్రము పని. ఎక్కడికి పోవలెనో, ఎక్కడికి పోరాదో నిర్ణయించుట మన పని.

ఇక నియమములు. భారత ప్రభుత్వము 2021 ఆగస్టులో డ్రోను నియమములను ప్రకటించినది. 250 గ్రాములకు మించనివి నానో తరగతి. అంతకు మించి 2 కిలోగ్రాముల వరకు మైక్రో తరగతి. వ్యాపారమునకు గాక వినోదమునకై ఈ రెండు తరగతుల డ్రోనులను ఎగురవేయువారికి పైలటు సర్టిఫికెట్టు అక్కరలేదు. అంతమాత్రమున ఆకాశమంతయు మనదని తలంపరాదు. పౌర విమానయాన శాఖవారి పటములో ఆకాశము ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజింపబడినది. ఆకుపచ్చ మండలమున 400 అడుగుల వరకు అనుమతి లేకయే ఎగురవచ్చును. విమానాశ్రయము సరిహద్దునకు 8 నుండి 12 కిలోమీటర్ల లోపల ఈ ఎత్తు 200 అడుగులే. పసుపు మండలమునకు ముందుగా అనుమతి వలెను. ఎరుపు మండలమున కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురవేయరాదు. శంషాబాదు విమానాశ్రయము మొయినాబాదునకు అంత దూరమున లేదు కనుక, ఈ ప్రాంతమువారు ఎగురవేయబోవు ప్రతిసారియు ఇంటర్నెట్టులోని ఆ పటమును చూచుకొనుట మంచిది.

మరియొక మాట. అమెరికానుండి వచ్చు బంధువుల పెట్టెలో డ్రోను తెప్పించుకొనవలెనని కొందరకు ఆశ. 2022 ఫిబ్రవరినుండి, రక్షణ, పరిశోధన మున్నగు అవసరములకు తప్ప, విదేశములందు తయారైన డ్రోనుల దిగుమతి నిషిద్ధము. విడిభాగములకు మాత్రము ఈ నిషేధము లేదు. ఇచ్చటనే కొని, నమోదు విషయమును, గుర్తింపు సంఖ్య విషయమును అమ్మువానిని అడిగి తెలిసికొనుట మేలు.

స్థలము నెన్నుకొనుటలో సగము విద్య యున్నది. హైదరాబాదునుండి బీజాపూరు పోవు రహదారిపై మొయినాబాదు, చేవెళ్లల మీదుగా వందలకొలది మర్రిమ్రాకులు బారులు తీరియున్నవి. వాని నీడ బాటసారికి హాయి. కొమ్మలు మాత్రము డ్రోనునకు వల. రహదారిపై ఎగురవేయుట వాహనములు నడపువారికి అపాయకరము కూడ. పొలములందు విద్యుత్తు తీగలుండును. దూరమునుండి చూచినపుడు తీగ కానరాదు, స్తంభమే కానవచ్చును. కావున రెండు స్తంభములు కనబడినచో వాని నడుమ తీగ యున్నదనియే భావింపవలెను. ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు నీటిపై తొలి పాఠము వలదు. అడుగు భాగమున కెమెరా గల డ్రోను క్రింది నేలను చూచి తన స్థానమును నిలుపుకొనును. కదలు అలలు దానిని భ్రమింపజేయును. చిలుకూరు చెంతనున్న మృగవని జాతీయోద్యానమున అటవీశాఖ అనుమతి లేక ఎగురవేయరాదు. సంక్రాంతి దినములలో గాలిపటముల దారము ప్రొపెల్లరునకు చుట్టుకొనును. పంట కోసిన చేను, గాలి లేని ఉదయము, పూలు కోయు కూలీలకును పసులకాపరులకును మిక్కిలి దూరము — ఈ మూడును కుదిరిననే పెట్టె తెరువవలెను.

తెరచిన పిమ్మట తొందర కూడదు. ప్రొపెల్లర్లపై గుర్తులుండును, ఏ గుర్తు గలది ఆ మోటారునకే బిగింపవలెను. తారుమారైన డ్రోను లేవబోయి తలక్రిందులగును. అంచు చీలిన ప్రొపెల్లరును అతికింపక పారవేయవలెను. ఇంటిలో మోటార్లను పరీక్షించునపుడు ప్రొపెల్లర్లను తప్పక ఊడదీయవలెను. అవి వ్రేళ్లను కోయగలవు. దిక్సూచిని సరిచేయునపుడు ఇనుప స్తంభములకు, బోరుబావి గొట్టములకు, వాహనములకు ఎడముగా నిలువవలెను. ఉపగ్రహముల సంకేతములు చాలినన్ని అందిన పిదపనే లేపవలెను. ఏలయన బయలుదేరిన చోటును యంత్రము అప్పుడే గుర్తుపెట్టుకొనును. సంకేతము తెగినచో తానే తిరిగి వచ్చునట్లు ఏర్పాటుండును. ఆ రాకకు నిర్ణయించిన ఎత్తు సమీపమున గల చెట్లన్నిటికంటె హెచ్చుగా ఉండవలెను.

రిమోటునందు రెండు మీటలుండును. వాడుకలో నున్న పద్ధతిలో ఎడమ మీట ఎత్తును, మొగము త్రిప్పుటను చూచును. కుడి మీట ముందు వెనుకలకు, ప్రక్కలకు నడుపును. మొదటి దినము తోక మనవైపు ఉండునట్లు నిలిపి, మనిషెత్తున ఒక నిమిషము నిశ్చలముగా ఆపగలిగిన చాలును. నేలకు మరీ దగ్గరగా ఉంచిన, తన గాలియే తిరిగి తగిలి అది ఊగిసలాడును. రెండవ పాఠము చతురస్రాకారముగా నడుపుట. మూడవది కష్టమైనది: డ్రోను మొగమును మనవైపు త్రిప్పినచో కుడి ఎడమలు తారుమారగును. ఇచ్చటనే పెక్కుమంది కంగారుపడి ఎదుటివారిమీదికి నడిపెదరు. అట్టియెడ రెండు మీటలను వదలివేయవలెను. ఉపగ్రహ సహాయము గల డ్రోను ఉన్నచోటనే ఆగును. ఈ పాఠమును కంప్యూటరు తెరపై ముందుగా అభ్యసించిన ఖర్చు లేదు, గాయము లేదు.

బ్యాటరీ విషయము పెద్దలు గమనింపదగినది. లిథియం పాలిమరు బ్యాటరీలో ఒక్కొక్క గడి నిండినపుడు 4.2 వోల్టులు ఉండును. మూడవ వంతు మిగిలియుండగనే దించవలెను; ఎదురుగాలిలో తిరిగివచ్చుటకు పోయినప్పటికంటె హెచ్చు శక్తి కావలసివచ్చును. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు. రాత్రి ఛార్జింగునకు పెట్టి నిద్రపోరాదు, ఎండలో కారునందు వదలరాదు. అంటుకొన్న మంట ఇల్లు దాక పోవును.

చివరి నియమము ఏ పటములోను కానరాదు. ఇరుగుపొరుగు పెరళ్లపై కెమెరాను నిలుపుట వారి గోడపై తల పెట్టి తొంగిచూచుటతో సమానము. పొలము యజమానిని అడుగుట, ఎగురవేయుచున్నామని చుట్టుప్రక్కలవారికి చెప్పుట మర్యాద.

ఈ శ్రద్ధ వృథా పోదు. చేవెళ్లకు పొరుగుననున్న వికారాబాదులో 2021 సెప్టెంబరున డ్రోనులతో మందులను, టీకాలను చేరవేయు ప్రయోగములు జరిగినవి. పొలములపై మందు చల్లు పెద్ద డ్రోనులను నడుపుట గ్రామీణ మహిళలకు నేర్పుటకై కేంద్ర ప్రభుత్వము 2023లో ఒక పథకమును ఆమోదించినది. ఆ పనులకు శిక్షణయు, సర్టిఫికెట్టును కావలెను. కాని వానికి పునాది ఈ చిన్న యంత్రముతో కోసిన చేనిలో అలవడు ఓర్పే. కావున పిల్లలకు డ్రోను కొనియిచ్చు పెద్దలు తొలి దినములలో తామును ప్రక్కన నిలిచి, ఆకాశమువంక పిల్లవాడు చూచుచుండగా నేలవంక తాము చూచుచుండవలెనని మా మనవి.