మోటారుబండి వేడెక్కినప్పుడు



గడచిన వైశాఖమాసమున మేము శ్రీశైలమునకు బోవుచుండగా, దోర్నాల దాటిన పిదప నల్లమల ఘాటురోడ్డులో మా మేనల్లుని కారు వేడెక్కినది. అది వానికి విలాసవస్తువు గాదు. బ్యాంకులో అప్పుచేసి కొని, బాడుగకు ద్రిప్పి, నెలకంతులు కట్టగా మిగిలినదానితో సంసారము నడుపుకొనుచున్నాడు. మలుపుల యెత్తుమీద బండి మెల్లగా నెక్కుచుండెను, లోపల ఏ.సి. నడచుచుండెను. అంతలో వేడిమిని జూపు ముల్లు ఎర్రగీటు నంటెను. "మామయ్యా, ఆపమంటారా?" అని వాడడిగెను. దర్శనమునకు వేళ మించునను తొందరలో, "ఆ మలుపుదాకా పోనీరా, అక్కడ నీడ ఉంది" అని నేనే చెప్పితిని. మలుపు చేరులోపలనే ముందుమూత సందులనుండి ఆవిరి వెడలెను. ఆ యొక్క మాట నన్ను నెల దినములు సరిగా నిద్రపోనీయలేదు.

ఊరు చేరిన తరువాత ఒక మెకానిక్కు చూచి, ఇంజను విప్పినగాని లాభము లేదనెను. దానికగు వ్యయము వినగానే మేనల్లుని ముఖము వాడిపోయెను. మరియొకడు, బండి నడచుచున్నది గదా, ఏమియు కాలేదు పొండనెను. ఒకడు భయపెట్టెను, ఒకడు ఓదార్చెను. పరీక్షించినవాడు మాత్రము లేడు. పర్వతముమీద పొగ కనబడినచో అచ్చట నిప్పు కలదని యూహింపవచ్చునని తర్కశాస్త్రమున మేము చదువుకొంటిమి. ఆవిరిని జూచి పొగయని భ్రమించి నిప్పు నూహించుట దోషమనియు ఆ శాస్త్రమే చెప్పుచున్నది. మేము పర్వతముమీద చూచినది ఆవిరియే. కావున అసలు సంగతి యేమో తెలిసికొన బూనితిని.

ఇంజనులో పెట్రోలు మండునపుడు పుట్టు శక్తిలో, స్థూలముగా మూడవవంతే బండిని నడుపుటకు వినియోగపడును. మరియొక మూడవవంతు పొగగొట్టముగుండా బయటికి బోవును. మిగిలిన వేడి యంతయు ఇంజను గోడలకు పట్టును. మండెడి వాయువుల వేడిమి 2000 డిగ్రీలను మించును. ఇంజను పైభాగము పోతపోయు అల్యూమినియమో, 660 డిగ్రీలకే కరగును. అట్లు కరగకుండ కాపాడునది గోడల నడుమ ప్రవహించు నీరు. ఒక పంపు ఈ నీటిని త్రిప్పుచుండును. వేడెక్కిన నీరు ముందుభాగమున నుండు రేడియేటరు సన్నగొట్టములలో గాలి తగిలి చల్లబడి మరల లోనికి బోవును. దారిలో థర్మోస్టాటను చిన్న ద్వారమొకటి కలదు. అందలి మైనము కరగి ఉబ్బినపుడు అది తెరచుకొనును. ఇవన్నియు సరిగా నున్నచో నీటి వేడిమి 90 డిగ్రీల ప్రాంతమున నిలుచును.

నీరు 100 డిగ్రీలకు మరగును గదా, 90కిని 100కిని ఎడమెంత యని మీరడుగవచ్చును. మన యిండ్లలోని ప్రెషరుకుక్కరును దలచుకొనుడు. రేడియేటరు మూతయు అట్లే ఆవిరిని అణచిపట్టును; నీటిలో కలుపు కూలెంటును మరగుటను ఆలస్యము చేయును. ఈ రెంటివలన ఆ ద్రవము 120 డిగ్రీలు దాటినగాని మరగదు. వేడిమీద మూత విప్పరాదనుటకును ఇదియే కారణము. అణగియున్న ద్రవము ఒక్కుమ్మడి పొంగి ముఖమును, చేతులను కాల్చివేయును.

తొలినాటి కార్లలో నీరు మరగుట ప్రమాదమే కాదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రముల బండిలో నీరు ఆవిరియై పోవుటవలననే ఇంజను చల్లబడెడిది. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్, కొడుకులిద్దరితో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు, వందకు పైగా కిలోమీటర్లు, ఆ తరగతి బండిమీదనే ప్రయాణము చేసెను. దారిపొడుగునను నీరు పోసికొనుచు బోవలసివచ్చెను. నీరు మరగినంత మాత్రమున ఇంజను చెడదనుటకు ఆ ప్రయాణమే నిదర్శనము. నీరు తరిగిపోయినప్పుడే ముప్పు.

ఆ ముప్పు ఎట్టిదన: ఇంజను రెండు భాగములు. క్రిందిది బ్లాకు, పైది హెడ్డు. రెంటి నడుమ గ్యాస్కెట్టను పలుచని రేకు బిగింపబడియుండును. నీరు, నూనె, మంట ఒకదానితో నొకటి కలియకుండ కాపాడునది అదియే. బండిచక్రమునకు ఇనుపపట్టా వేయుట మీ రందరు నెరుగుదురు. కమ్మరి పట్టాను కాల్చగా అది వ్యాకోచించి చక్రముమీదికి దిగును. చల్లారగనే కుదించుకొని బిగియును. అల్యూమినియము ఇనుముకంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును. అనేక బండ్లలో బ్లాకు ఇనుముతోను, హెడ్డు అల్యూమినియముతోను చేయబడును. మితిమీరిన వేడిలో హెడ్డు సాగబోవును, బోల్టులు సాగనీయవు; తుదకది వంగును. మిల్లీమీటరులో పదవవంతు వంకర వచ్చినను పొందిక చెడి గ్యాస్కెట్టు వదలును. నూనె పలుచనై పిస్టనులు గీచుకొనుటయు కలదు. ఇవన్నియు ముల్లు ఎర్రగీటు నంటినంతనే జరుగవు. వేడి యెంత యెక్కినది, ఎంతసేపు నిలిచినది, లోపల నీరు మిగిలినదా, ఈ మూటినిబట్టి యుండును. నీరు పూర్తిగా కారిపోయినచో ముల్లు క్రిందికి దిగుటయు కలదు. వేడిని కొలుచు సాధనము నీటిలో గాక గాలిలో నుండుటయే దానికి హేతువు. అట్టి వేళ ముల్లు దిగినదని సంతోషించువాడు ఇంజనును పోగొట్టుకొనును.

మేము మలుపున నిలిపి ఇంజను ఆపి, గంటకు పైగా కూర్చుంటిమి. నేను వెంటనే నీళ్లు పోయుమని తొందరపడగా మేనల్లుడు వలదనెను. కాలిన లోహముమీద చన్నీరు పడిన పగులునట. ఈ మారు వాని మాటయే నెగ్గినది. చల్లారిన తరువాత మూత విప్పి చూడగా నీరు ఒక లీటరు మాత్రమే తగ్గియుండెను. రేడియేటరు వెనుక నుండు ఫ్యాను తిరుగుటలేదని తరువాత తేలినది. ఫ్యూజు కాలినదట! బయలున వేగముగా బోవునపుడు ఎదురుగాలియే చాలును గనుక లోపము బయటపడలేదు; ఘాటులో పడినది.

ఊరిలో మూడవ మెకానిక్కు ఒకడు మాకు పరీక్షలు చెప్పెను. నీటిడబ్బామీద గీటు గీసి ప్రతిదినము ఉదయము, ఇంజను చల్లగా నున్నపుడు, చూచుచుండవలెను. ఎచ్చటను కారకయే నీరు తగ్గుచున్నచో అది లోపలికి బోవుచున్నదన్నమాట. నూనెకడ్డీని దీసి చూచినపుడు నూనె పాలుకలిపిన కాఫీవలె నున్నచో నీరు కలిసినది. మూత అడుగున కొంచెము తెల్లని నురుగుండుట మాత్రము దగ్గరదగ్గర ప్రయాణములు చేయు బండ్లలో సహజము. పొగగొట్టమునుండి తియ్యని వాసనగల తెల్లపొగ ఎడతెగక వచ్చుట మరియొక గురుతు. చలికాలపు ఉదయమున కాసేపు కనబడు ఆవిరికి భయపడ నక్కరలేదు. తుదకు అతడు నీలపురంగు ద్రవమున్న చిన్న గొట్టమును రేడియేటరు నోట నుంచి ఇంజను నడిపించెను. మంటవాయువులు నీటిలోనికి వచ్చుచున్నచో ఆ నీలము పసుపగును. ఆ కొన్ని నిమిషములు మేనల్లుడు గొట్టమునుండి చూపు మరల్చలేదు; నేను చూడలేక వీథివైపు తిరిగితిని.

నీలము నీలముగనే యుండెను. ఇంజను విప్పలేదు. ఫ్యూజు మార్చి, దానిని కాల్చిన తీగను బాగుచేసి, కూలెంటు నింపి పంపెను. నెల దినములును గీటు దగ్గరనే నీరు నిలిచెను. మొన్న మరల శ్రీశైలము పోవునపుడు, ముల్లు కదలకమునుపే మేనల్లుడు రెండుమార్లు నీడలో బండి నిలిపెను. దర్శనమునకు ఆలస్యమైనది, నేను నోరు మెదపలేదు.