ఐదు వందల మైళ్ల బడి

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇరవై రెండు రేసు కార్లు పోటీపడ్డాయి. పెట్రోలు వాసన లేదు, ఇంజను మోత లేదు, మోటార్ల ఈల మాత్రమే వినపడింది. సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్‌లను కలుపుతూ 2.83 కిలోమీటర్ల దారి, 18 మలుపులు. ఫార్ములా ఈ అనే ప్రపంచ విద్యుత్ కార్ల పోటీ మన దేశంలో జరగడం అదే మొదటిసారి. ఫ్రాన్స్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో బ్యాటరీలో మిగిలిన కొద్దిపాటి శక్తిని పొదుపుగా వాడుకుంటూ, వెనకే తరుముకొచ్చిన నిక్ కాసిడీకి దారివ్వకుండా గెలిచాడు.

అప్పటి వెర్న్ జట్టు పేరు డీఎస్ పెన్‌స్కీ. దాన్ని నడిపే జే పెన్‌స్కీ తండ్రి రోజర్ పెన్‌స్కీ, అమెరికాలోని ఇండియానాపోలిస్ రేసు ట్రాక్‌కి 2020 నుంచి యజమాని. ఏటా మే నెలాఖరులో ‘ఇండీ 500’ జరిగేది ఆ ట్రాక్ మీదే. మడ్‌గార్డులు లేకుండా నాలుగు చక్రాలూ బయటికి కనిపించే కార్లు కోడిగుడ్డు ఆకారపు బాట మీద 200 చుట్లు, అంటే 500 మైళ్లు, మన లెక్కన 805 కిలోమీటర్లు తిరుగుతాయి. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వెళ్లి ఇంకా కొంత దూరం పోయినంత. ఒంటి సీటు, బయటి చక్రాలు ఉన్న రేసు కారు జీవిత కథలో ఎక్కువ అధ్యాయాలు ఈ ట్రాక్ మీదే రాశారు. అందుకే హైదరాబాద్ కారును అర్థం చేసుకోవాలంటే ముందు అక్కడికి పోవాలి.

1909లో కార్ల్ ఫిషర్, మరో ముగ్గురు వ్యాపారులు కలిసి ఆ ట్రాక్ కట్టించారు. పోటీ కోసం కంటే, ఇండియానాలో తయారయ్యే కార్లను పరీక్షించుకునే చోటుగా ఫిషర్ దాన్ని ఊహించాడు. కంకర మీద తారు పోసిన బాట అది. ఆ ఆగస్టులో జరిగిన మొదటి కారు పోటీల్లోనే బాట లేచిపోయి, రాళ్లు ఎగిరి, కార్లు పల్టీ కొట్టి ఐదుగురు చనిపోయారు. యజమానులు మూసేసుకుని పోలేదు. రెండు నెలల్లో 32 లక్షల ఇటుకలు పరిపించారు. ఇప్పుడు పైనంతా తారే గానీ, ఆరంభ రేఖ దగ్గర ఒక గజం వెడల్పున ఆ ఇటుకలను అలాగే ఉంచారు.

మొదటి 500 మైళ్ల పోటీ 1911 మే 30న జరిగింది. నలభై కార్లు బయల్దేరాయి. ఆ రోజుల్లో ప్రతి కారులో డ్రైవరు పక్కన ఒక మెకానిక్ కూర్చునేవాడు. వెనక నుంచి ఎవరు వస్తున్నారో చెప్పడం, ఆయిల్ పంపు కొట్టడం ఆయన పని. రే హారౌన్ అనే ఇంజనీరు మాత్రం మార్మన్ కంపెనీ కోసం ఒక్కడే కూర్చునే సన్నటి పసుపు కారు చేసుకొచ్చాడు. మెకానిక్ లేకపోతే వెనక ఎవరున్నారో ఎలా తెలుస్తుందని తోటి పోటీదారులు అభ్యంతరం పెట్టారు. హారౌన్ డ్రైవింగ్ సీటుకు ఎదురుగా నాలుగు కడ్డీల మీద ఒక అద్దం బిగించాడు. అంతకు ముందు ఒక గుర్రపుబండికి అలాంటిది చూశానని ఆయన తర్వాత చెప్పాడు. ఇటుకల బాట మీద కుదుపులకి ఆ అద్దంలో ఏమీ సరిగా కనపడలేదనీ ఆయనే ఒప్పుకున్నాడు. అయినా గంటకు సగటున 120 కిలోమీటర్ల వేగంతో 6 గంటల 42 నిమిషాల్లో మొదటి స్థానంలో వచ్చాడు. ఈ రోజు మన ఆటోకి, లారీకి ఉన్న అద్దానికి అంత పేరు తెచ్చిన పోటీ మరొకటి లేదు.

ఇక మలుపుల సంగతి. నా మటుకు ఈ ట్రాక్‌లో అసలు విజ్ఞానమంతా మలుపుల్లోనే ఉంది. చుట్టు మొత్తం రెండున్నర మైళ్లు. నాలుగు మలుపులు, ఒక్కొక్కటి పావు మైలు. ఆ పావు మైలులో కారు సరిగ్గా 90 డిగ్రీలు తిరగాలి. లెక్క కడితే మలుపు వ్యాసార్ధం సుమారు 256 మీటర్లు. బాట లోపలి వైపుకి 9 డిగ్రీల పైచిలుకు వాలుగా ఉంటుంది. మన తీర్థాల్లో, ఎగ్జిబిషన్లలో చెక్కల మరణబావి చూసినవాళ్లకి వాలు చేసే పని చెప్పక్కర్లేదు. అక్కడ మోటారు సైకిలు గోడను నొక్కుతుంది, గోడ దాన్ని తిరిగి లోపలికి నెడుతుంది. ఇండియానాపోలిస్ వాలు చాలా తక్కువ కాబట్టి ఆ సాయమూ తక్కువే. టైరు పట్టు ఏమీ లేదనుకుంటే, వాలు ఒక్కటే కారును గంటకు 73 కిలోమీటర్ల దాకా కాపాడుతుంది. మంచి టైర్ల పట్టు కూడా కలిస్తే 210 దాకా పోవచ్చు. హారౌన్ వేగానికి అది బోలెడంత. ఆయన మలుపు తిరిగేటప్పుడు ఒంటి మీద పడిన పక్క బలం ఆయన బరువులో సగం కూడా లేదు.

మరి ఇప్పటి కార్లు? 1996లో ఆరీ లుయెండైక్ అర్హత పోటీలో నాలుగు చుట్ల సగటు గంటకు 381 కిలోమీటర్లు సాధించాడు. ఆ రికార్డు ఇంకా చెరగలేదు. కాస్త తగ్గించి 360 అనుకుందాం. సెకనుకు వంద మీటర్లు. ఆ వేగంలో అదే మలుపు తిరిగే మనిషి మీద అతని బరువుకి నాలుగు రెట్లు పక్క బలం పడుతుంది. తల, హెల్మెట్ కలిపి ఆరు కిలోలనుకుంటే మెడ మీద 24 కిలోల లాగుడు. వాలు, టైరు కలిసి ఇవ్వగలిగిన దానికి ఇది ఎంతో ఎక్కువ. ఆ మిగతాది గాలి ఇస్తుంది. విమానం రెక్కను తలకిందులు చేసి కారుకి బిగిస్తే, పైకి లేపాల్సిన గాలి కిందికి తొక్కుతుంది. కారు బరువు పెరగకుండానే టైరు నేలను గట్టిగా అదుముతుంది. 1971లో అర్హత పోటీలో అగ్రస్థానం వేగం గంటకు 287 కిలోమీటర్లు. 1972లో పెద్ద రెక్కలకు అనుమతి రాగానే బాబీ అన్సర్ 315 చేశాడు. ఒక్క ఏడాదిలో 28 కిలోమీటర్ల పెంపు, అది కూడా ప్రధానంగా ఇంజను వల్ల కాదు, గాలిని మచ్చిక చేసుకోవడం వల్ల.

ఇంజను డ్రైవరు ముందు నుంచి వెనక్కి పోవడం కూడా ఇక్కడ పదేళ్లలోపే ముగిసిన మార్పు. 1961లో జాక్ బ్రాబమ్ ఇంజను వెనక ఉన్న చిన్న కూపర్ కారుతో వచ్చి తొమ్మిదో స్థానంలో నిలిచాడు. 1965లో జిమ్ క్లార్క్ లోటస్‌తో గెలిచాక ముందు ఇంజను కారు మళ్లీ ఈ పోటీ గెలవలేదు.

చక్రాలు బయట ఉండటం వెనక ఒక ప్రమాదం దాగి ఉంది. ముందుకు దొర్లే చక్రం వెనక అంచు నేల మీంచి పైకి లేస్తూ ఉంటుంది. వెనక కారు ముందు చక్రం వెళ్లి దాన్ని తాకితే, ఆ కారు అమాంతం గాల్లోకి లేస్తుంది. మూసిన బాడీ ఉన్న మామూలు కార్లు ఒరుసుకుంటే గీతలు పడతాయి, ఇవి తగిలితే ఎగురుతాయి. 2012లో వచ్చిన డల్లారా కారుకి వెనక చక్రాల వెనకాల అడ్డు నిర్మాణాలు పెట్టింది అందుకే.

అగ్ని అంతకంటే ఘోరమైన పాఠం నేర్పింది. 1964లో రెండో చుట్టులోనే డేవ్ మెక్‌డొనాల్డ్ కారు గోడను కొట్టి మంటల్లో చిక్కుకుంది. ఎడ్డీ సాక్స్ కారు దాన్ని ఢీకొంది. ఇద్దరూ చనిపోయారు. రెండు కార్లలోనూ ఉన్నది పెట్రోలే. మరుసటి ఏటికల్లా పోటీ మెథనాల్ వైపు తిరిగింది. మెథనాల్ మంటను నీళ్లతో ఆర్పవచ్చు. పెట్రోలు నీటి మీద తేలి ఇంకా వ్యాపిస్తుంది. 2007 నుంచి మెథనాల్ స్థానంలో ఎథనాల్ వచ్చింది. 2023 నుంచి వాడే ఇంధనానికి చెరకు వ్యర్థాల నుంచి తీసిన ఎథనాల్ ఆధారం. సంకిలి చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే రైతు ఈ మాట తప్పక తెలుసుకోవాలి. మన బంకుల్లో పెట్రోలులో కలిపే ఎథనాల్లో కొంతకీ, అక్కడ 360 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ట్యాంకులోని ఇంధనానికీ మూలపు మొక్క ఒకటే.

గోడ కూడా మారింది. కాంక్రీటు గోడకు కారు తగిలితే ఆ దెబ్బంతా మనిషి తీసుకోవాలి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో డీన్ సికింగ్ బృందం ఉక్కు గొట్టాల వరసను, దాని వెనక నురుగు దిమ్మలను కలిపి ఒక గోడ తయారు చేసింది. కారు తాకగానే ఉక్కు కదులుతుంది, నురుగు నలుగుతుంది, ఆగడానికి పట్టే సమయం కొద్దిగా పెరుగుతుంది. ఆ కొద్ది సమయమే పక్కటెముకలకీ మెదడుకీ ప్రాణభిక్ష. 2002లో మొదట బిగించింది ఇండియానాపోలిస్‌లోనే. తర్వాత అమెరికాలోని మిగతా పెద్ద ఓవల్ ట్రాకులూ దాన్ని తెచ్చుకున్నాయి.

ఇవన్నీ ఒకే చోట ఎందుకు పరీక్షకు నిలిచాయి? ఆ పోటీ ఏటా వచ్చింది కాబట్టి. ఈ మేలో విరిగింది వచ్చే మేకి బాగుపడి తీరాలి. ఒకే బాట, అవే నాలుగు మలుపులు, కాబట్టి నిరుటికీ ఈ ఏటికీ తేడా ఇట్టే తెలిసిపోతుంది. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో తప్ప 1911 నుంచి అది ఆగలేదు. రెండో యుద్ధం ముగిసే నాటికి ట్రాక్‌లో కలుపు మొక్కలు మొలిచాయి. మూడుసార్లు అక్కడ గెలిచిన విల్బర్ షా కాళ్లరిగేలా తిరిగి, టోనీ హల్మన్ అనే వ్యాపారిని ఒప్పించి 1945లో కొనిపించాడు. మరుసటి మేలోనే పోటీ జరిగింది. షా ఆ పని చేయకపోయి ఉంటే మెత్తటి గోడ మరెక్కడో, ఇంకా ఆలస్యంగా వచ్చి ఉండేదేమో.

ఇప్పుడు హైదరాబాద్ కారు దగ్గరికి వద్దాం. కోడిగుడ్డు బాట మీద బ్రేకు పని తక్కువ. శక్తి అంతా గాలిని చీల్చడానికే పోతుంది, అది తిరిగి రాదు. ఊరి వీధుల్లో కథ వేరు. 18 మలుపులంటే ప్రతి చుట్టులో పదేపదే వేగం పెంచాలి, తగ్గించాలి. తగ్గించిన ప్రతిసారీ మామూలు కారులో ఆ శక్తి బ్రేకు ప్లేట్ల వేడిగా ఆవిరైపోతుంది. 2023లో రంగంలోకి దిగిన జెన్ 3 కారు డ్రైవరుతో కలిపి 840 కిలోలు. అది గంటకు 216 కిలోమీటర్ల నుంచి 72కి తగ్గిందనుకోండి. పోగొట్టుకునే శక్తి 0.37 యూనిట్, అంటే మన కరెంటు బిల్లు మీద రాసే యూనిటే. బ్యాటరీలో పోటీకి వాడుకోనిచ్చేది 38.5 యూనిట్లు మాత్రమే కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు. ఈ కారు ముందు, వెనక మోటార్లు బ్రేకు వేసినప్పుడు జనరేటర్లుగా మారి 600 కిలోవాట్ల దాకా శక్తిని బ్యాటరీకి తిరిగి ఇస్తాయి. ముందుకు నడిపేది 350 కిలోవాట్లే. నడిపేదానికంటే వెనక్కి రాబట్టేదే ఎక్కువ! వెనక చక్రాలను ఆపడానికి మోటారే చాలునని ఈ కారును మామూలు హైడ్రాలిక్ వెనక బ్రేకులు లేకుండా రూపొందించారు. పోటీలో ఖర్చయ్యే శక్తిలో 40 శాతం పైగా ఇలా బ్రేకు నుంచి వస్తుందని నిర్వాహకుల లెక్క. సిగ్నల్ సిగ్నల్‌కి ఆగుతూ పోయే మన సిటీ బస్సుకి, ఆటోకి కావలసిన విద్య కచ్చితంగా ఇదే.

అంత మంచి పరీక్ష మన గడ్డ మీద ఒక్కసారితో ఆగిపోయింది. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో పోటీని ఆ జనవరిలోనే రద్దు చేశారు. ఎవరి తప్పు ఎంత అనేది వేరే చర్చ. ఒక్క ఏడాది జరిగిన పోటీ ఊరికి వేడుక అవుతుందే గానీ, ఇంజనీరుకి బడి కాలేదు. రెండో ఏడు ఉంటేనే మొదటి ఏటి పొరపాటు దిద్దుకునేది. తెలుగు నేల మీద మళ్లీ ఇలాంటి పోటీ తెస్తే పదేళ్లకు తక్కువ కాకుండా కట్టుబడి తేవాలని గట్టిగా కోరుతున్నాను.

అప్పటిదాకా రాజాం, టెక్కలి, విజయనగరం ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఊరికే కూర్చోనక్కర్లేదు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో ఫార్ములా భారత్ పేరుతో విద్యార్థుల పోటీ ఉంది. పెట్రోలు కార్లకు, విద్యుత్ కార్లకు విడివిడిగా విభాగాలున్నాయి. విద్యార్థులే ఒంటి సీటు, బయటి చక్రాల కారు తయారు చేసుకుని తీసుకెళ్లాలి. ఎంత వేగం పోయిందన్న ఒక్కదానికే కాకుండా, ఈ రాడ్ ఇక్కడెందుకు పెట్టావంటే చెప్పగలిగే జవాబుకీ మార్కులుంటాయి. వెళ్లండి. మొదటి ఏడు ఓడిపోతే రెండో ఏడూ వెళ్లండి. ఫైనలియర్ వాళ్లు కాలేజీ వదిలేటప్పుడు కారుతో పాటు లెక్కల పుస్తకం, విరిగిన భాగాలు కూడా జూనియర్ల చేతిలో పెట్టి పోండి. కాలేజీ యాజమాన్యాలు ఆ కారును తుక్కు కింద అమ్మకుండా వర్క్‌షాపులో ఒక మూల ఉంచండి.