అమ్మమ్మని హైదరాబాద్ తెచ్చేయాలా, ఊళ్లోనే ఉంచాలా?

బందరు, గుడివాడ, దివిసీమ వైపు ఊళ్ల నుంచి వచ్చి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో జాబ్ చేస్తున్నారా? ఊళ్లో అమ్మమ్మో తాతయ్యో ఒంటరిగా ఉన్నారా? ఈ ఎపిసోడ్ మీకోసమే.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి కొత్త కోడలు. ఇప్పుడు 70 దాటింది, ఒక్కతే ఉంటుంది. పోయినేడు రాత్రిపూట బాత్‌రూమ్ దగ్గర జారిపడింది. తెల్లారి పాలు పోసే ఆవిడ వచ్చి చూసేదాకా నేల మీదే ఉంది. మేం భయపడిపోయి హైదరాబాద్ తెచ్చేశాం. నెల తిరక్కుండానే తిండి తగ్గిపోయింది. "ఉప్పెనకి కూడా వదల్లేదురా ఆ ఊరు, మీరు వదిలించారు" అంది.

సరే అని వెనక్కి తీసుకెళ్లి, రోజంతా ఉండేలా ఒక మనిషిని పెట్టాం. రెండు వారాల్లో అమ్మమ్మే ఆవిణ్ని మాన్పించేసింది. అప్పుడు తట్టింది నాకు, "నీకేం కావాలి?" అని మేమెవరం అడగనే లేదని. అడిగితే చాలా చిన్న లిస్టు చెప్పింది. వంట నేనే చేసుకుంటా. నీళ్లు మోయలేను. తలంటు రోజు పక్కన మనిషి ఉండాలి. మాత్రలు మర్చిపోతున్నా. అంతే!

ఇవాళ్టి పాయింట్ ఇదే. సాయం అంటే అన్నీ మనమే చేసిపెట్టడం కాదు. వాళ్లు చేసుకోలేనిది, కావాల్సినంతసేపు. ఒంట్లో బాగుంటే గంట, జ్వరమొస్తే రోజంతా.

జపాన్‌లో 2000 నుంచి దీనికి ప్రత్యేకంగా ఇన్సూరెన్స్ ఉంది. కేర్ మేనేజర్ అని ఒకరు ఇంటికొచ్చి, ఎవరికి ఏ సాయం ఎన్ని గంటలు కావాలో ప్లాన్ వేస్తారు. మన దగ్గర కూడా ముక్కలు ముక్కలుగా కొన్ని ఉన్నాయి. వాటిని కలిపే మనిషే లేరు. ఆ పని ఫోన్ ఉన్న మీరు చేయొచ్చు.

ఏమేం ఉన్నాయో చూద్దాం. ఎన్టీఆర్ భరోసా పెన్షన్, వృద్ధులకు 2024 జులై నుంచి నెలకు 4000 రూపాయలు. సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చిస్తారు. మేం పెట్టుకున్న పక్కింటి అక్కకి జీతం అందులోంచే వెళ్తుంది. 70 దాటితే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. ఆదాయంతో పనిలేదు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. కానీ అది ఆస్పత్రిలో చేరితేనే. ఇంట్లో చూసుకునే మనిషికి ఇవ్వరు. పెద్దవాళ్ల కోసం 14567 అని ఎల్డర్ లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, ఫ్రీ. ప్రాణం మీదకొస్తే మాత్రం 108కే చేయండి.

ఇంక మా ప్లాన్. పొద్దున్నే ఆరింటికి అమ్మమ్మ నాకు మిస్డ్ కాల్ ఇస్తుంది. ఆరున్నరకీ రాకపోతే నేను చేస్తాను. ఎత్తకపోతే పక్కింటి అక్క వెళ్లి చూస్తుంది. ఇంకోసారి పడితే తెల్లారేదాకా ఎవరికీ తెలియదు కదా అంటారా? నిజమే. అందుకే బాత్‌రూమ్‌లో గోడకి పట్టుకునే రాడ్డు, రాత్రంతా వెలిగే లైటు పెట్టించాం. ఫోన్ మెళ్లో వేలాడుతూనే ఉంటుంది.

ఒక్క మనిషి మీదే ఆధారపడకండి. సార్వా నాట్లప్పుడు అక్క పొలానికి వెళ్లిపోతుంది, అప్పటికి రెండో మనిషి రెడీగా ఉండాలి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల టైంలో పది రోజుల మాత్రలు, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంక్ ఇంట్లో ఉంచండి. ఎవరు ఏ బిల్డింగ్‌కి తీసుకెళ్తారో ముందే మాట్లాడుకోండి.

ఆవిడ ఇక లేవలేని రోజొస్తే ఈ ప్లాన్ సరిపోదు, మార్చాలి. అదీ ఆవిణ్ని అడిగే. ఈ వీడియో అయిపోగానే ఇంటికి ఫోన్ చేయండి. "బాగున్నావా?" అని కాదు, "ఏ పని కష్టంగా ఉంది?" అని అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.