ప్రేమలేఖ రూపంలో వచ్చిన విపత్తు

ఉత్తరం మానవ సంబంధాలకు వారధి. దూరాన ఉన్న ఆప్తుల క్షేమ సమాచారాన్ని మోసుకొని వచ్చే ఉత్తరం కోసం ఎదురుచూడనివారు అరుదు. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకంలో ఆ ఉత్తరం ఈ-మెయిల్ రూపం ధరించి, క్షణాలలో ఖండాంతరాలకు చేరసాగింది. ఉత్తరంపై మనిషికి గల నమ్మకాన్నే ఆయుధంగా చేసుకొని, 2000 సంవత్సరం మే 4వ తేదీన ఒక విపత్తు ప్రపంచాన్ని చుట్టుముట్టింది. అదే ‘ఐ లవ్ యూ’ వైరస్.

శరీరంలో ప్రవేశించిన సూక్ష్మజీవి తన సంతతిని పెంచుకొంటూ ఇతరులకు వ్యాపిస్తుంది. కంప్యూటర్ వైరస్ స్వభావమూ అటువంటిదే. కాని అది జీవి కాదు. హాని చేయడానికి మనిషి రాసిన ఆదేశాల సముదాయం, అనగా ఒక ప్రోగ్రాం. తొలినాళ్లలో ఇటువంటివి ఎక్కువగా ఫ్లాపీల ద్వారా నెమ్మదిగా వ్యాపించేవి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి అనుసంధానం కావడంతో వాటికి రెక్కలు వచ్చాయి. 1987 డిసెంబరులో తెరపై క్రిస్మస్ చెట్టు బొమ్మను చూపే ఒక ప్రోగ్రాం, తన ప్రతులను తానే ఇతరులకు పంపుకొంటూ నెట్‌వర్క్‌లను స్తంభింపజేసింది. 1999 మార్చిలో ‘మెలిస్సా’ అనే వైరస్, చిరునామాల పట్టికలోని మొదటి 50 మందికి తనను తాను పంపుకొంది. ‘ఐ లవ్ యూ’ ఈ రెండింటినీ మించిపోయింది.

ఇది తెలిసినవారి పేరుతోనే వచ్చేది. శీర్షికలో ‘ఐ లవ్ యూ’ అని ఉండేది. దానికి ‘నీ కోసం ప్రేమలేఖ’ అనే అర్థం వచ్చే ఆంగ్ల నామంతో ఒక ఫైలు జతచేసి ఉండేది. ఫైలు పేరులోని చివరి అక్షరాలు అది ప్రోగ్రాం అని తెలుపుతాయి. కాని విండోస్ వ్యవస్థ సాధారణంగా ఆ అక్షరాలను కనబడనీయదు. అందువల్ల చూసేవారు దానిని మామూలు ఉత్తరమనుకొని తెరిచేవారు. తెరిచిన వెంటనే అది అవుట్‌లుక్ చిరునామాల పట్టికలోని వారందరికీ తన ప్రతులను పంపేది. యంత్రంలోని ఛాయాచిత్రాల ఫైళ్లను చెరిపి, వాటి స్థానంలో తానే నిలిచేది. సంకేతపదాలను దొంగిలించే మరొక ప్రోగ్రాంను దించుకోవడానికి ప్రయత్నించేది.

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో పుట్టిన ఈ వైరస్ సూర్యుని వెంట పడమటికి ప్రయాణించింది. ఆసియాలో కార్యాలయాలు తెరిచే వేళకు అక్కడ, తరువాత ఐరోపాలో, ఆ తరువాత అమెరికాలో విజృంభించింది. బ్రిటిష్ పార్లమెంటు తన ఈ-మెయిల్ వ్యవస్థను తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చింది. అమెరికా రక్షణశాఖ కార్యాలయాలకూ దీని తాకిడి తప్పలేదు. నష్టం వందల కోట్ల డాలర్లలో ఉంటుందని అంచనా వేశారు.

పరిశోధన చివరకు మనీలాలోని ఒక కంప్యూటర్ కళాశాల పూర్వ విద్యార్థి వద్దకు చేరింది. అయితే ఇటువంటి చర్యను నేరంగా పరిగణించే చట్టం అప్పటికి ఆ దేశంలో లేదు. 2000 జూన్‌లో చట్టం చేసినా, అంతకు ముందు జరిగిన చర్యకు అది వర్తించదు. అందువల్ల ఆగస్టులో అతనిపై అభియోగాలను ఉపసంహరించారు. భారతదేశంలోనూ వైరస్‌ను ప్రవేశపెట్టడాన్ని తప్పుగా పేర్కొన్న సమాచార సాంకేతిక చట్టం అదే సంవత్సరం అక్టోబరు 17 నుండి అమలులోకి వచ్చింది.

ఆ వ్యక్తి ఒక పాత్రికేయుని ముందు నిజం అంగీకరించిన విషయం ఇరవై ఏళ్ల తరువాత, 2020లో, వెల్లడైంది. డబ్బు చెల్లించకుండా అంతర్జాలాన్ని వాడుకొనేందుకు ఇతరుల సంకేతపదాలు కావాలనుకొన్నానని, వైరస్ ఇంత దూరం వ్యాపిస్తుందని ఊహించలేదని చెప్పాడు. పేదవానికి జ్ఞానం అందుబాటులో లేకపోవడం బాధాకరమే. కాని ఆ లోటును తీర్చుకొనే మార్గం పరుల ఇంటి తాళం తీయడం కాదు. చేతిలోని విద్యకు వివేకం తోడు కానప్పుడు అది చేసే హానికి హద్దు ఉండదు.

ఈ వైరస్ యంత్రంలోని లోపాన్ని మాత్రమే కాదు, మనసులోని ఆశను కూడా వాడుకొంది. ప్రేమను కోరుకోవడం మానవ సహజం. నేడు బహుమతుల పేరుతో, బ్యాంకుల పేరుతో వచ్చే మోసపు సందేశాలు పట్టుకొనేది ఆ ఆశనూ, ఆ నమ్మకాన్నే. పంపినవారి పేరు పరిచితమైనదైనా, అనుకోకుండా వచ్చిన ఫైలును తెరిచే ముందు ఒక క్షణం ఆగి విచారించడం ప్రతి పౌరుని కర్తవ్యం.